కైరీ మోకాలు, మా మావ్స్ సీజన్

2025 మార్చి 3, సోమవారం రాత్రి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మా మావ్స్‌కి, అంటే డాలస్ మావరిక్స్‌కి, డాలస్‌లోనే శాక్రమెంటో కింగ్స్‌తో మ్యాచ్. మొదటి క్వార్టర్ ఇంకా అవ్వలేదు. మా స్టార్ కైరీ ఇర్వింగ్ బంతి తీసుకుని బుట్ట వైపు దూసుకెళ్లాడు. ఎడమ కాలు పడాల్సినట్టు పడలేదు. మోకాలు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. ఫౌల్ ఇచ్చారు కాబట్టి రెండు ఫ్రీ త్రోలు ఉన్నాయి, అంటే లైన్ మీద నిలబడి ఎవరి అడ్డూ లేకుండా వేసే షాట్లు. అవి వేయకుండా లోపలికి వెళ్లిపోతే, రూల్ ప్రకారం ఆ మ్యాచ్‌లో మళ్లీ అడుగుపెట్టడానికి లేదు. అందుకే కాబోలు, పక్కవాళ్ల ఆసరాతో లేచి, కన్నీళ్లతోనే లైన్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రెండూ వేశాడు, రెండూ పడ్డాయి. తర్వాతే లోపలికి వెళ్లాడు. మర్నాడు తెలిసింది, ఏసీఎల్ తెగిందని.

తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ మోకాలి మధ్యలో పట్టి ఉంచే లిగమెంట్ అది. పరుగెత్తుతూ ఒక్కసారిగా ఆగినప్పుడు, ఆగి పక్కకి తిరిగినప్పుడు కింది ఎముక జారిపోకుండా ఆపేది అదే. కైరీ ఆటంతా ఆగడం, తిరగడం, మళ్లీ కదలడమే. ఆ లిగమెంట్ పూర్తిగా తెగితే దానంతట అది అతుక్కోదు. మామూలుగా శరీరంలోనే ఇంకోచోట నుంచి టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ) తీసి అక్కడ కట్టాలి. ఆటగాళ్లు మళ్లీ కోర్టులోకి రావడానికి మామూలుగా తొమ్మిది నెలలు, చాలాసార్లు ఏడాది పైనే పడుతుంది. దెబ్బ తగిలేనాటికి అతనికి 33 నిండబోతున్నాయి.

ఆ ఫ్రీ త్రోలు చూడగానే నాకు గుర్తొచ్చినవాడు క్లే థాంప్సన్. కైరీ పడిపోయేనాటికి అతనూ ఇదే టీమ్‌లో ఉన్నాడు. 2019 జూన్‌లో టొరంటోతో ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో క్లేకి తెగిందీ ఎడమ మోకాలి ఏసీఎల్లే. లోపలికి వెళ్తున్నవాడల్లా వెనక్కి వచ్చి రెండు ఫ్రీ త్రోలు వేసి మరీ వెళ్లాడు. మళ్లీ ఎన్‌బీఏ మ్యాచ్ ఆడింది 2022 జనవరిలో! మధ్యలో ఇంకో కాలి అకిలీస్ (మడమ వెనకాల ఉండే టెండన్) కూడా తెగింది. వరసగా ఐదు ఫైనల్స్ ఆడిన క్లే అప్పటి టీమ్ వారియర్స్, కెవిన్ డ్యూరంట్ వెళ్లిపోయి, క్లే లేక, స్టెఫ్ కర్రీ చెయ్యి విరిగి, ఆ మరుసటి సీజన్లో 15 గెలిచి 50 ఓడారు.

నేనుండేది డాలస్‌ని ఆనుకుని ఉన్న ఇర్వింగ్‌లో. 2023 ఫిబ్రవరిలో బ్రూక్లిన్ నుంచి కైరీ వచ్చినప్పటి నుంచి మా బావ అతన్ని పేరు పెట్టి పిలవడు, "మీ ఊరోడు" అంటాడు. అక్కావాళ్లది ఫ్రిస్కో. బావది పక్కా హైదరాబాదీ క్రికెట్ బుర్ర. బాస్కెట్‌బాల్ నాతో కూర్చుని చూస్తాడు గానీ దేన్నైనా క్రికెట్ తక్కెట్లో వేసి తూస్తేనే ఆయనకి నమ్మకం.

కైరీ పడిపోయిన ఆ వారమే ఆదివారం చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్. దుబాయ్‌లో మ్యాచ్ మధ్యాహ్నమైతే మాకు తెల్లవారుజామున నాలుగు. పైగా ఆ రాత్రే ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరిపే రోజు, ఉన్న నిద్రలో అదీ పోయింది. న్యూజీలాండ్ మీద ఇండియా నాలుగు వికెట్లతో గెలిచాక, ఇంకా ఇడ్లీలు కూడా తినకుండానే బావ మొదలుపెట్టాడు.

"ఏరా, బుమ్రా లేకుండా కప్పు కొట్టలేదా మనం? ఒక్కడి మోకాలు పోతే మీ టీమ్ మొత్తం పోయినట్టు ఆ ఏడుపేంటి?"

ఉత్త వాదనకి అన్నమాట కాదు అది. జనవరిలో సిడ్నీ టెస్టులో నడుం పట్టేసి రెండో ఇన్నింగ్స్‌లో బుమ్రా బౌలింగ్ చేయలేకపోతే మనం ఓడిపోయాం. ఆ సిరీస్‌లో అతనికి 32 వికెట్లు. అంతటివాడు చాంపియన్స్ ట్రోఫీకి లేడు. అయినా ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గెలిచారు. (బుమ్రా జాగాలో హర్షిత్ రాణాని పిలిచి సిరాజ్‌ని పిలవలేదన్న కోపం మాత్రం బావకి కప్పు గెలిచినా చల్లారలేదు.)

కానీ లెక్క వేసి చూడండి. యాభై ఓవర్ల మ్యాచ్‌లో బుమ్రా అయినా ఎవరైనా వేయగలిగేది పది ఓవర్లు. అంటే అయిదో వంతు. మిగతా నలభై ఎలాగూ వేరేవాళ్లే వేయాలి. దుబాయ్ పిచ్ స్పిన్‌కి అనుకూలం, మన దగ్గర నలుగురు స్పిన్నర్లు ఉన్నారు, షమీ ఉన్నాడు. బుమ్రా లోటుని పంచుకోవడానికి చేతులు ఉన్నాయి. బాస్కెట్‌బాల్‌లో కోర్టు మీద ఉండేది అయిదుగురు. 48 నిమిషాల మ్యాచ్. ఫిబ్రవరిలో కైరీ సగటున 38 నిమిషాలకు పైగా ఆడాడు. ఆ 38 నిమిషాల్లో బంతి ఎక్కువసేపు ఉండేదీ అతని చేతిలోనే. అతనికి ఓవర్ల కోటా లేదు. ఒక బౌలర్ యాభైలో నలభై ఓవర్లు వేస్తున్నాడనుకోండి, బ్యాటింగ్‌లో ఓపెనర్ కూడా అతనే అనుకోండి, అప్పుడు అతను పోతే ఏమవుతుందో అదీ మావ్స్‌కి అయ్యింది.

బావ ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఆయన బావ ఎందుకవుతాడు. పేపర్లో 24.7 చూపించాడు. కైరీ ఆ సీజన్ సగటు అది, మ్యాచ్‌కి 24.7 పాయింట్లు. "మిగతావాళ్లు తలా మూడు పాయింట్లు ఎక్కువ కొడితే సరిపోతుంది కదా!"

ఈ లెక్క చాలామంది వేస్తారు. అందుకే ఈ పోస్టు రాస్తున్నాను. కైరీ లాంటివాడు కోర్టు మీద ఉంటే అవతలి టీమ్ ఇద్దరిని అతని మీదకి పంపాలి, కనీసం రెండోవాడు ఒక అడుగు అతని వైపు జరిగి నిలబడాలి. ఆ ఒక్క అడుగు వల్లే మూల మీద క్లే థాంప్సన్ ఖాళీగా దొరుకుతాడు. క్లే ఆట పుట్టుకతో అలాంటిది, బంతి అందుకోవడం, వెంటనే విసరడం. డ్రిబుల్ చేసి తన షాట్ తనే తయారు చేసుకునే వయసు కాదు, ఆ మోకాళ్లూ కావు. కైరీ లేకపోతే క్లే మీద ఉన్న డిఫెండర్ అడుగు కూడా జరగడు. అదే క్లే, అదే చోట నిలబడి, అదే షాట్ వేస్తాడు గానీ మొహం మీద చెయ్యి ఉంటుంది. నాజీ మార్షల్ బంతి మోయాల్సి వస్తుంది, అతని పని అది కాదు. బెంచ్ మీద నుంచి వచ్చి ఇరవై నిమిషాలు ఆడాల్సిన స్పెన్సర్ డిన్‌విడ్డీ పాయింట్ గార్డ్‌గా మొత్తం మ్యాచ్ నడపాలి. అందరూ ఒక మెట్టు పైకి ఎక్కాల్సి వస్తుంది, ఆ మెట్టు మీద నిలబడగలిగినవాళ్లు తక్కువ. అంటే పోయింది 24.7 పాయింట్లు మాత్రమే కాదు. మిగతా నలుగురు కొట్టే పాయింట్లు కూడా ఖరీదైపోయాయి.

గాయాలు ఒకదాని వెంట ఒకటి వచ్చిన తీరు కూడా చెప్పాలి. జనవరిలోనే డెరెక్ లైవ్లీకి చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్. ఫిబ్రవరి 8న, అప్పుడే లేకర్స్ నుంచి వచ్చిన ఆంథనీ డేవిస్ మావ్స్ తరఫున తొలి మ్యాచ్ ఆడి, మూడో క్వార్టర్‌కే 26 పాయింట్లు, 16 రీబౌండ్లు చేసి, ఎవరూ తగలకుండానే తొడ కండరం పట్టేసి బయటికి వెళ్లాడు. మళ్లీ మార్చి 24 దాకా రాలేదు. డేవిస్ బయటికి వెళ్లిన రెండు రోజులకే డానియల్ గాఫర్డ్ మోకాలు. అంటే పొడుగువాళ్లు ముగ్గురూ లేరు. ఆల్ స్టార్ మ్యాచ్‌కి గాయపడిన డేవిస్ బదులు పిలిచింది ఎవరినో తెలుసా? కైరీనే. కైరీ తర్వాత పాయింట్ గార్డ్‌గా నిలబడతాడనుకున్న డాంటే ఎక్సమ్‌కి మార్చిలో చెయ్యి విరిగింది.

38 నిమిషాలు ఆడించడం వల్లే కైరీ మోకాలు పోయిందని నేను అనను. కాలు తప్పు పడింది, అంతే. కానీ కోచ్ జేసన్ కిడ్ అతన్ని అంతసేపు ఆడించాల్సి ఎందుకొచ్చిందన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు నెల ముందే ఉంది. ఫిబ్రవరి 1, అర్ధరాత్రి కావస్తుండగా వచ్చిన ఆ వార్త. లూకా డాన్సిచ్‌ని లేకర్స్‌కి ఇచ్చేసి డేవిస్‌ని తెచ్చుకున్నారు. లూకా కూడా క్రిస్మస్ రోజు పిక్క పట్టేసి అప్పటికి ఆడట్లేదు, నిజమే. కానీ 25 ఏళ్లవాడు, పిక్క నయమవుతుంది, తిరిగొస్తాడు. ఏడాది ముందు ఫైనల్స్‌కి తీసుకెళ్లిన జంట లూకా, కైరీ. ఒకడు కూర్చుంటే రెండోవాడు బంతి పట్టుకునేవాడు. పందిరికి ఉన్న రెండు గుంజల్లో ఒకటి అమ్మేసుకుని, రెండోది విరిగాక గాలివానని తిట్టుకున్నట్టుంది మేనేజ్‌మెంట్ పని. డిఫెన్సే కప్పులు గెలిపిస్తుందని అప్పటి జనరల్ మేనేజర్ నీకో హారిసన్ చెప్పాడు. అదే నిజమైనా, ఆ డిఫెన్స్ కోర్టు మీద ఉండాలి కదా, సూట్ వేసుకుని బెంచ్ మీద కాదు.

ఇక్కడ డబ్బు లెక్క ఒకటి ఉంది, నాకు దాని మీద మోజు, ఓపిక పట్టండి. క్లేని తెచ్చుకున్నది సైన్ అండ్ ట్రేడ్ పద్ధతిలో, అంటే పాత టీమే కొత్త కాంట్రాక్ట్ రాసి మనకి పంపే పద్ధతి. ఆ పద్ధతి వాడితే ఆ ఏడాది జీతాల మొత్తం ఒక గీత దాటడానికి వీల్లేదు, ఏ కారణం చెప్పినా సరే. 2024-25లో ఆ గీత 17 కోట్ల 81 లక్షల డాలర్లు. ట్రేడ్లన్నీ అయ్యాక ఆ గీతకీ మావ్స్‌కీ మధ్య మిగిలింది సుమారు 51 వేల డాలర్లు. లక్షల్లో కాదు, వేలల్లో. ఐటీలో కొత్తగా చేరిన కుర్రాడి ఏడాది జీతం కూడా రాదు దాంట్లో. బయటి నుంచి ఎవరినైనా తెచ్చుకుందామన్నా ఏప్రిల్ 10 దాకా కుదరదు. టూ-వే కాంట్రాక్ట్ (చిన్న లీగ్‌లోనూ ఎన్‌బీఏలోనూ ఆడే ఒప్పందం) కుర్రాళ్లు ఉన్నారు గానీ వాళ్లని 50 మ్యాచ్‌లకి మించి ఆడించకూడదని ఇంకో రూల్. మ్యాచ్‌కి కనీసం ఎనిమిది మంది డ్రెస్ వేసుకుని సిద్ధంగా ఉండాలి. మార్చి మధ్యలో మా ఆఫీసు గ్రూపులో చర్చ గెలుస్తారా ఓడతారా అని కాదు, ఎనిమిది మంది దొరుకుతారా అని. వేల కోట్ల విలువ చేసే టీమ్ గురించి ఈ మాట.

కైరీ పడిపోయిన రాత్రి మ్యాచ్ ఓడాక మావ్స్ లెక్క 32 గెలుపులు, 30 ఓటములు. సీజన్ చివరికి 39, 43. అంటే ఆ తర్వాత 20 మ్యాచ్‌ల్లో ఏడే గెలిచారు.

మధ్యలో ఏప్రిల్ 9 వచ్చింది. లూకా లేకర్స్ జెర్సీలో డాలస్‌కి వచ్చిన రోజు. ముందు వీడియో వేశారు, అతను బెంచ్ మీద కూర్చుని ఏడ్చాడు, తర్వాత లేచి 45 పాయింట్లు కొట్టి వెళ్లాడు. అరీనా అంతా "ఫైర్ నీకో" అని అరుపులు. ఆ టికెట్ల ధర చూసి మేం ఇంట్లోనే చూశాం. బావ ఆ రోజు క్రికెట్ ఎత్తలేదు.

అయినా పదో స్థానంలో ప్లే-ఇన్‌కి, అంటే ప్లే-ఆఫ్స్‌లో (కప్పు కోసం ఆడే చివరి దశ) మిగిలిన చోట్ల కోసం ఆడే మ్యాచ్‌లకి చేరారు, నేనైతే ఊహించలేదు. శాక్రమెంటో వెళ్లి 120-106తో గెలిచారు. రెండు రోజులకి మెంఫిస్‌లో అదే 120-106తో ఓడారు. ఆ ఆఖరి మ్యాచ్‌లో డేవిస్ ఒక్కడే 40 కొట్టాడు. టీమ్‌లో ఒక్కడు 40 కొట్టి 14 తేడాతో ఓడితే, అతనికి బంతి ఇచ్చేవాడు లేడని అర్థం. సీజన్ అయిపోయింది.

తర్వాత జరిగింది చెప్తే బాస్కెట్‌బాల్ తెలియనివాళ్లు నమ్మరు. మే 12న డ్రాఫ్ట్ లాటరీ. ప్లే-ఆఫ్స్‌కి వెళ్లని పద్నాలుగు టీముల మధ్య మొదటి పిక్, అంటే లీగ్‌లోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లలో ముందుగా ఎంచుకునే హక్కు, ఎవరిదో తేల్చే లాటరీ అది. బాగా ఓడినవాళ్లకి ఎక్కువ అవకాశం. మావ్స్‌ది 1.8 శాతం. వెయ్యి కాంబినేషన్లలో పద్దెనిమిది. అదే తగిలింది. ఆ పిక్‌తో వచ్చినవాడు కూపర్ ఫ్లాగ్, అప్పటికి పద్దెనిమిదేళ్లు, ఆ ఏడాది వచ్చిన కుర్రాళ్లందరిలో మేటి.

టెక్సాస్‌కి ఇది కొత్త కాదు. ఇక్కడి నుంచి నాలుగైదు గంటలు డ్రైవ్ చేస్తే శాన్ ఆంటోనియో. 1995-96లో స్పర్స్ 59 గెలిచారు. మరుసటి ఏడాది డేవిడ్ రాబిన్సన్ గాయాలతో ఆరు మ్యాచ్‌లే ఆడాడు, టీమ్ 20కి పడిపోయింది. ఆ పతనానికి బహుమతిగా లాటరీలో వచ్చినవాడు టిమ్ డంకన్. రాబిన్సన్ కోలుకుని వచ్చాడు, 1999లో ఇద్దరూ కలిసి కప్పు కొట్టారు. మా ఆఫీసులో పాత స్పర్స్ అభిమాని ఒకాయన లాటరీ మర్నాడు ఇదే కథ చెప్పి, "చూశావా, కైరీ మోకాలే మీకు ఫ్లాగ్‌ని తెచ్చింది" అన్నాడు. లెక్క ప్రకారం తప్పు కాదు. కైరీ ఉండి ఇంకో అయిదారు మ్యాచ్‌లు గెలిచి ప్లే-ఆఫ్స్‌కి వెళ్లి ఉంటే ఆ లాటరీలో మావ్స్ ఉండేదే కాదు. కానీ నాకు ఆ మాట రుచించలేదు, ఇప్పటికీ రుచించదు. రాబిన్సన్ ఉన్న టీమ్‌లోకి డంకన్ వచ్చాడు. ఇక్కడ లూకా వెళ్లిపోయాడు, కైరీ మంచం మీద ఉన్నాడు, ఫ్లాగ్ వచ్చాడు. రెండూ ఒకటెలా అవుతాయి?

దానికి రుజువు 2025-26 సీజన్ మొదలవ్వగానే కనపడింది. కైరీ ఇంకా లేడు. బంతి మోసేవాడు కావాలి. కిడ్ తీసుకెళ్లి ఫ్లాగ్‌ని పాయింట్ గార్డ్‌గా నిలబెట్టాడు. ఆరడుగుల తొమ్మిది అంగుళాల కుర్రాడు, ఫార్వర్డ్, మొట్టమొదటి ఎన్‌బీఏ సీజన్, ఎప్పుడూ చేయని పని. కైరీ బదులని తెచ్చిన డాంజెలో రసెల్ బెంచ్ మీద నుంచి వచ్చేవాడు. అక్టోబర్ 29న డేవిస్‌కి మళ్లీ గాయం, ఈసారి పిక్క పట్టేసింది. పదకొండు మ్యాచ్‌లయ్యేసరికి 3 గెలుపులు, 8 ఓటములు. నవంబర్ 11న నీకో హారిసన్‌ని తీసేశారు. మార్చిలో పోయిన మోకాలి బిల్లు నవంబర్‌లో కూడా వస్తూనే ఉంది, కట్టేది మాత్రం పద్దెనిమిదేళ్ల కుర్రాడు.

ఇంత కథలో నాకు కైరీ మీద ఉన్న కోరిక ఒక్కటే, తొందరపడకూడదని. 2012 ఏప్రిల్‌లో షికాగో బుల్స్ 50 గెలిచి, 16 ఓడి, లీగ్‌లోని ఈస్ట్ విభాగంలో మొదటి స్థానంలో ఉంది. ప్లే-ఆఫ్స్ తొలి మ్యాచ్, పన్నెండు పాయింట్ల ఆధిక్యం, నిమిషంన్నర కూడా లేదు, అయినా డెరిక్ రోజ్ కోర్టు మీదే ఉన్నాడు. ఏసీఎల్ తెగింది. ఎనిమిదో స్థానంలో ఉన్న ఫిలడెల్ఫియా చేతిలో బుల్స్ సిరీస్ ఓడిపోయింది. రోజ్ మరుసటి సీజన్ మొత్తం ఆడలేదు. డాక్టర్లు సరేనన్నా ఎందుకు ఆడట్లేదని ఊరంతా తిట్టింది. అంత ఆగి వచ్చినవాడికి 2013 నవంబర్‌లో ఇంకో మోకాల్లో మెనిస్కస్ (ఎముకల మధ్య కుషన్‌లా ఉండేది) చిరిగింది. 22 ఏళ్లకే ఎంవీపీ (ఆ సీజన్ లీగ్ మొత్తంలో మేటి ఆటగాడు) అయినవాడు మళ్లీ ఆ ఆట ఆడలేదు. వయసులో ఉన్నవాడికే అలా అయితే, 33 దాటిన కైరీని జనవరిలో రమ్మని, ఫిబ్రవరిలో రమ్మని రేడియోలో అరిచేవాళ్లని ఏమనాలి.

బావ మాత్రం 2025 ఆగస్టు నుంచి మంచి హుషారులో ఉన్నాడు. ఓవల్ టెస్టులో బుమ్రా లేడు, సిరాజ్ అయిదు వికెట్లు తీసి ఆరు పరుగులతో గెలిపించాడు. ఆ సిరీస్‌లో మనం గెలిచిన రెండు టెస్టుల్లోనూ బుమ్రా ఆడలేదు. ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసి, "ఇప్పుడేమంటావ్?" అన్నాడు. నేను మళ్లీ అయిదుగురు, పదకొండుమంది అని మొదలుపెట్టేలోపే పెట్టేశాడు. నవంబర్‌లో అక్కా వాళ్ల పెద్దాడి పుట్టినరోజుకి మ్యాచ్ టికెట్లు కొందామని ఆయన గొడవ. వెంటనే కొంటే ఫ్లాగ్‌ని చూడొచ్చన్నాడు. ఆగితే కైరీని కూడా చూడొచ్చని నేను. అప్పటికి కైరీ తిరిగొచ్చే తేదీ ఎవరూ చెప్పలేదు, పుట్టినరోజు మాత్రం డిసెంబర్‌లోనే. టికెట్లు బావే కొనేసేలా కనిపించాడు.